నిబ్బరం ఎవరిది? ఇల్‌ఫర్డ్ నుంచి జకార్తా దాకా

ఆట ముగిసిన తరువాత మరొక ఆట మొదలవుతుంది. మొదటిది తొంభై నిమిషాలలో తేలిపోతుంది. రెండవది ఏళ్ల తరబడి తేలదు. "ఆ పెనాల్టీ పడి ఉంటేనా!" అని మొదలై, "వాడు కంగారుపడ్డాడు, అంతే" అన్న తీర్పు దగ్గర ఆగుతుంది. మా కంఠేశ్వర్‌లో టీ బంకుల ముందు క్రికెట్టు గురించి జరిగే వాదన అయినా, కలకత్తా మైదానంలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అభిమానుల వాదన అయినా ఈ ధోరణిలో తేడా ఉండదు. అమెరికాలో ఉన్న మన బ్లాగు మిత్రులకు అక్కడి కళాశాలల ఫుట్‌బాల్ తెలిసే ఉంటుంది. ఆ ఆటలో పెనాల్టీ అంటే గోలు కొట్టే అవకాశం కాదు, జట్టు గజాల లెక్కన వెనక్కు జరగడం. అయినా ఓడిన మరునాడు అక్కడ కూడా రెండే ప్రశ్నలు: పెనాల్టీలు ఎందుకిచ్చుకున్నారు? క్వార్టర్‌బ్యాక్ ఎందుకు నిబ్బరం కోల్పోయాడు?

ఈ రెండు ప్రశ్నలకూ మన దేశంలో ఒక పాత ఉదాహరణ ఉంది. దానికి జవాబు మాత్రం, నా దృష్టిలో, హైదరాబాదు నుంచి వచ్చింది.

1948 జూలై 31. లండన్ శివార్లలోని ఇల్‌ఫర్డ్. ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారతదేశపు తొలి ఫుట్‌బాల్ పోటీ, ప్రత్యర్థి ఫ్రాన్స్. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి ఏడాది కూడా నిండలేదు. మన నిజామాబాదు, బోధన్ ప్రాంతాలు ఇంకా నిజాం రాజ్యంలోనే ఉన్నాయి. పోలీసు చర్యకు మరో ఆరు వారాల గడువుంది. నాగా కొండల నుంచి వచ్చిన తాలిమెరెన్ ఆవ్ నాయకుడు. మనవారిలో అత్యధికులు బూట్లు లేకుండానే ఆడారు. ఫ్రాన్స్ ముందుగా ఒక గోలు చేసింది. 70వ నిమిషంలో సారంగపాణి రామన్ దానిని సమం చేశాడు. ఆట ముగియవచ్చిన వేళ, 89వ నిమిషంలో, ఫ్రాన్స్ రెండవ గోలు చేసి 2-1తో గెలిచింది.

ఇంతే అయితే ఇది గౌరవప్రదమైన ఓటమిగా మిగిలిపోయేది. కానీ ఆ రోజు మనకు రెండు పెనాల్టీలు దక్కాయి. ఒకటి శైలేన్ మన్నా, మరొకటి మహావీర్ ప్రసాద్ తీసుకున్నారు. రెండూ గోలు కాలేదు.

పెనాల్టీ అన్న శిక్ష పుట్టుకే వివాదాస్పదం. ఐర్లండుకు చెందిన విలియం మెక్రమ్ అనే గోల్‌కీపరు ప్రతిపాదించగా 1891లో అది నియమావళిలో చేరింది. మర్యాదస్తులైన ఆటగాళ్లు కావాలని తప్పు చేస్తారని ఊహించడమే అవమానమని ఇంగ్లండు పెద్దమనుషులు కొందరు అప్పట్లో మండిపడ్డారు. అసలు చిక్కు మరొకచోట ఉంది. తప్పు చేసినవాడికి విధించిన ఈ శిక్ష, తన్నేవాడి మెడకు చుట్టుకుంటుంది. 12 గజాల దూరం, ఎనిమిది గజాల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. ఎదురుగా ఒక్క మనిషి. కొడితే "అదేం గొప్ప" అంటారు. తప్పితే ఆ మనిషి పేరు జీవితాంతం దానితోనే ముడిపడుతుంది. 1994 ప్రపంచకప్పు ఫైనలులో బాజ్జో కొట్టిన బంతి గోలు పైనుంచి పోవడం అందరికీ గుర్తే. అదే వరుసలో అతనికన్నా ముందు బరేసీ, మస్సారో కూడా విఫలమయ్యారని ఎంతమందికి గుర్తుంది? అభిమాని జ్ఞాపకానికి ఒక్క దోషి చాలు.

ఇక ఇల్‌ఫర్డ్ ఓటమి మీద మూడు రకాల వాదనలు వినిపిస్తాయి. బూట్లు లేకపోవడమే కారణమన్నది మొదటిది. కానీ వట్టికాళ్లతో ఆడిన జట్టే ఫ్రాన్సును రెండుసార్లు పెనాల్టీ ఇచ్చుకొనే స్థితికి నెట్టింది కదా? రెండవది అదృష్టం; దానితో వాదించలేం, కాబట్టి వదిలేద్దాం. మూడవది, అన్నిటికన్నా బలమైనది: తన్నినవాళ్లకు నిబ్బరం లేదన్నది.

ఈ మూడవ వాదనను మన్నా జీవితంతోనే పరీక్షించవచ్చు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో భారత జట్టుకు నాయకుడు ఈ మన్నాయే. ఫైనలులో మేవాలాల్ చేసిన ఒకే ఒక్క గోలుతో ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచాం. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లోనూ నాయకుడు మన్నాయే. అక్కడ యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయ్యాం. నాలుగేళ్లలో ఒకే మనిషి మూడు రకాలుగా కనబడుతున్నాడు. నిబ్బరం పుట్టుకతో వచ్చే గుణమే అయితే ఇది ఎలా సాధ్యం? కాబట్టి దానిని మనిషిలోకన్నా, ఆ మనిషి వెనుక ఉన్న ఏర్పాటులో వెతకడం న్యాయం.

ఆ ఏర్పాటును ఓపికగా నిర్మించినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టాడు. వృత్తిరీత్యా బడిపంతులు, జనం నోట "రహీం సాబ్". 1951 స్వర్ణం నాటికీ, 1952 పరాభవం నాటికీ జట్టు శిక్షకుడు ఆయనే. ఆయన చేతిలో ఉన్న హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950 డ్యూరాండ్ ఫైనలులో మోహన్ బగాన్‌తో 2-2గా ఆగిన ఆటను, తిరిగి ఆడి 1-0తో గెలిచింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకొనే కాలంలో కానిస్టేబుళ్ల జట్టొకటి సాధించిన ఘనత ఇది.

రహీం పద్ధతిలో నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేవి ఆయన నడిపిన చిత్రమైన పోటీలు. కొన్నింటిలో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి అందిన వెంటనే సహచరుడికి ఇచ్చెయ్యాలి. మరికొన్నింటిలో కుడికాలి ఆటగాడు ఎడమకాలితోనే ఆడాలి. పైకి ఇవి పిల్లలాటల్లా ఉంటాయి. కానీ బంతి కాలికి తగలకముందే ఏం చెయ్యాలో నిశ్చయించుకొనే అలవాటు, బలహీనమైన కాలిమీద కూడా నమ్మకం, ఈ రెండూ ఉన్నవాడికి కంగారుపడే తీరిక ఎక్కడిది? నిబ్బరమనేది ఆయన ధైర్యవచనాలతో నూరిపోసింది కాదు, సాయంకాలాల సాధనతో కండరాలకు నేర్పింది.

ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనబడింది. ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ ఒలింపిక్ సెమీఫైనలు చేరింది. ఆసియా నుంచి అంతదూరం వెళ్లిన మొదటి జట్టు మనదే. అసలు పరీక్ష మాత్రం 1962లో జకార్తాలో ఎదురైంది. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ ఆసియా క్రీడలకు రానివ్వకపోవడాన్ని భారతీయుడైన గురుదత్ సోంధీ ఆక్షేపించడంతో జకార్తా జనం మన దేశంమీద ఆగ్రహంతో ఉన్నారు. మన దౌత్య కార్యాలయంమీద దాడి జరిగింది. సెప్టెంబరు 4న ఫైనలు. దాదాపు లక్షమంది ప్రేక్షకులు, అత్యధికులు మనకు వ్యతిరేకులు. ప్రత్యర్థి దక్షిణ కొరియా; మొదటి ఆటలో మనను 2-0తో ఓడించిన జట్టే.

జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడి ఉన్నాయి. రక్షణ వరుసలో ఆడే మనిషిని రహీం ముందు వరుసకు పంపాడు. జ్వరం నుంచి తేరుకున్న పీటర్ తంగరాజ్‌ను గోలులో నిలబెట్టాడు. తంగరాజ్ హైదరాబాదులో పుట్టినవాడు. తులసీదాస్ బలరాం సికింద్రాబాదు శివార్లలోని అమ్ముగూడ కుర్రవాడు. యూసుఫ్ ఖాన్ హైదరాబాదీ. 17వ నిమిషంలో పి.కె. బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్ గోళ్లు చేశారు. చివరలో కొరియా ఒకటి చేసినా 2-1తో స్వర్ణం మనదైంది. ఇల్‌ఫర్డ్‌లో రెండు పెనాల్టీల ముందు చెదిరిన నిబ్బరం, పద్నాలుగేళ్ల తరువాత లక్ష గొంతుల ముందు చెదరలేదు. అప్పటికే రహీం క్యాన్సరుతో ఉన్నాడు. 1963 జూన్ 11న కన్నుమూశాడు.

ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. తరువాత ఫిఫా గుర్తింపు పొందిన రిఫరీ అయి 1988 ఆసియా కప్పులో విధులు నిర్వహించాడు. తండ్రి నిబ్బరాన్ని నేర్పాడు. కొడుకు పెనాల్టీని తేల్చే ఈల పట్టాడు. అభిమానుల వాదనలోని రెండు కొసలూ ఒకే ఇంట్లో కలిశాయన్నమాట. హకీం 2021లో, బలరాం 2023లో మరణించారు.

1960 తరువాత భారత పురుషుల జట్టు ఒలింపిక్స్‌కు చేరనే లేదు. దీనికి మాత్రం పెనాల్టీ తప్పిన ఒక్క మనిషిని చూపించి తప్పించుకోలేం. మా వైపు వారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. 1937లో మొదలైన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడితే, ఫలానా చెరుకు బండి ఆలస్యంగా రావడంవల్లే మూతపడిందని ఎవరైనా అంటే నవ్వుతాం. ఆటలో మాత్రం అటువంటి మాటే అని, దానినే విశ్లేషణ అనుకుంటాం. రహీం పోయిన తరువాత ఆయన పద్ధతిని పాఠశాలల్లో నిలబెట్టే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. మనం అడగవలసిన ప్రశ్న అది.

అయినా దీపం పూర్తిగా ఆరలేదు. నిజామాబాదు దగ్గరి కిసాన్‌నగర్ తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడుతూ, 2024-25కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యవారి ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. రేపెప్పుడో ఆమె ఒక పెనాల్టీ తప్పవచ్చు. అప్పుడు "కంగారుపడింది" అని తీర్పు చెప్పేముందు, ఆ తండాకు ఒక మైదానాన్ని, ఒక రహీం సాబ్‌ను మనం ఇచ్చామా అని అడగడం న్యాయమని నా అభిప్రాయం. చదువరులు విభేదించవచ్చు, వాదన లేనిదే ఆట పూర్తికాదు కదా!