నేరం షాక్ అబ్జార్బర్‌దేనా?

మౌంటెన్ బైక్ వెనుక భాగం ఊగుతున్నా, గుంతలో దిగి గట్టిగా కొడుతున్నా, కిర్రుమంటున్నా చాలామంది మొదట తప్పుపట్టేది షాక్ అబ్జార్బర్‌నే. కంటికి ఆనేదీ ఖరీదైనదీ అదే కాబట్టి అనుమానం దానిమీదికి పోతుంది. వెనుక సస్పెన్షన్ ఎలా పుట్టి ఎలా ఎదిగిందో చూస్తే మాత్రం ఈ వరస తలకిందులవుతుంది. ఇంజనీర్లు ఏళ్ల తరబడి కుస్తీ పట్టింది స్ప్రింగుతో కన్నా చైనుతోనూ, ఫ్రేము కీళ్లతోనూ. ఇవాళ రిపేరుకు వచ్చే బండిలో కూడా ముందు వెతకాల్సింది అక్కడేనని నా వాదన.

సైకిల్ వెనుక చక్రానికి స్ప్రింగు పెట్టాలన్న ఆలోచన మౌంటెన్ బైక్ కన్నా ఎంతో పాతది. 1885 ప్రాంతంలో ఇంగ్లండులో లిన్లీ అండ్ బిగ్స్ కంపెనీ 'విపెట్' అనే స్ప్రింగు ఫ్రేము సైకిల్ తెచ్చింది. సీటు, హ్యాండిల్, పెడళ్లు మూడూ ఒకే చట్రానికి బిగించి, ఆ చట్రాన్నే స్ప్రింగుమీద నిలిపారు. తొక్కేవాడి కాలికీ సీటుకీ మధ్య దూరం మారకూడదన్న మెలకువ అప్పటికే వాళ్లకుంది. గట్టి రబ్బరు టైర్ల మీద రాళ్ల రోడ్లలో తిరిగిన కాలమది, ఆ అవసరం నిజమైనది. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరు వచ్చాక కొన్నేళ్లకే స్ప్రింగు ఫ్రేములు వెనకబడిపోయాయి. స్ప్రింగు పనిచేయకపోవడం ఇందుకు కారణం కాదు. గాలి టైరు అదే సుఖాన్ని, అరిగే కీలు ఒక్కటీ లేకుండా ఇచ్చింది. కీళ్లు పెరిగితే లూజు పెరుగుతుంది, లూజు పెరిగితే రిపేరు తప్పదు. వెనుక సస్పెన్షన్ మీద మొదట పడ్డ దెబ్బ ఇదే.

1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత సైకిళ్లకు లావు టైర్లేసి కొండదారుల్లో దిగినప్పుడు వాళ్లకున్నవి బిగుసు ఫ్రేములే. 1990 నాటికి రాక్‌షాక్స్ కంపెనీ ముందు సస్పెన్షన్ ఫోర్కు రేసుల్లోకి వచ్చేసింది. వెనుక భాగం కుదురుకోవడానికి అంతకన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది. ముందు చక్రాన్ని ఏ చైనూ లాగదు, వెనుక చక్రాన్ని లాగుతుంది. పెడలు నొక్కినప్పుడు బండి ముందుకు దూకుతుంది, మనిషి బరువు వెనక్కి వాలి సస్పెన్షన్ కిందికి దిగుతుంది. అదే సమయంలో పైచైను బిగిసి చక్రాన్ని ముందుకు లాగుతుంది. వెనుక చక్రాన్ని మోసే స్వింగ్ ఆర్మ్ కీలు ఎక్కడుందన్నదాన్నిబట్టి ఆ లాగుడు సస్పెన్షన్‌ను పైకి లేపొచ్చు, ఇంకా కిందికి తొక్కేయొచ్చు. కీలు పైన పెడితే ఊగుడు తగ్గుతుంది గానీ, గుంతలో చక్రం పైకి లేచినప్పుడల్లా చైను బిగిసి పెడళ్లు పాదాన్ని వెనక్కి తంతాయి. కిందికి దించితే తన్నుడు పోతుంది, ఊగుడు తిరిగొస్తుంది. ఒక జబ్బుకు మందు వేస్తే ఇంకో జబ్బు మొదలయ్యేది. 1990లంతా డిజైనర్లు తిరిగింది ఈ సుడిలోనే.

దారి చూపినవాళ్లలో ముఖ్యులు మోటారు సైకిళ్ల నుంచి వచ్చారు. 1969లో అమెరికా గ్రాండ్ నేషనల్ చాంపియన్ అయిన మెర్ట్ లావిల్ చేసిన లింకేజీతో, అంటే చక్రాన్ని ఫ్రేముకు కలిపే కీళ్ల అమరికతో, 1992లో గ్యారీ ఫిషర్ ఆర్ఎస్-1 వచ్చింది. ఆస్ట్రియాలో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడ్డ హోర్స్ట్ లైట్నర్ కథ నా వాదనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. సైకిళ్ల జోలికి రాకముందే ఆయన మోటోక్రాస్ బండ్లలో చైను లాగుడు వెనుక సస్పెన్షన్‌ను చెడగొట్టకుండా ఆపే పరికరం తయారుచేశారు. అంటే ఆయన మొదట పట్టుకున్నది చైనును. తర్వాత ఏఎంపీ రీసెర్చ్ పేరుతో సైకిళ్లకు చేసిన లింకులో ఒక కీలును వెనుక ఇరుసుకు కాస్త ముందు, చైన్‌స్టే (క్రాంకు వైపు నుంచి ఇరుసుకు పోయే కింది గొట్టం) మీద పెట్టారు. బయటికి చిన్న మార్పే. ఇరుసు ఇక ఒకే కీలు చుట్టూ గీసిన వంపులోనే తిరగాల్సిన పనిలేదు. బ్రేకు పట్టినప్పుడు ఆ బలం నేరుగా స్వింగ్ ఆర్మ్ మీద పడి సస్పెన్షన్ బిగుసుకుపోవడమూ తగ్గింది. స్పెషలైజ్డ్ కంపెనీ దాన్ని తన ఎఫ్ఎస్ఆర్ బండ్లకు తీసుకుంది, ఆ తర్వాత పేటెంట్లనే కొనేసింది. గడువు తీరేదాకా అమెరికాలో మిగతా కంపెనీలు లైసెన్సు తీసుకోవడమో, వేరే దారి వెతుక్కోవడమో చేయాల్సి వచ్చింది. మిల్లీమీటర్ల తేడాలో కూర్చున్న ఒక కీలు కోసం అంత పోరు జరిగింది.

ఇదే కాలంలో వచ్చిన ట్రెక్ వై-బైక్ మరో దారి పట్టింది. క్రాంకును కూడా స్వింగ్ ఆర్మ్ మీదే బిగించడంతో చైను పొడవు ఎప్పటికీ మారదు, పెడలు తన్నదు. కానీ మనిషి లేచి నిలబడగానే అతని బరువంతా కదిలే భాగం మీదే పడి సస్పెన్షన్ దాదాపు పనిచేయడం మానేస్తుంది. గట్టి దిగుడులో, అంటే సస్పెన్షన్ బాగా కావాల్సిన చోటే, తొక్కేవాళ్లు నిలబడతారు! అలాంటి బండి తెచ్చి వెనుక షాక్ బిగుసుకుపోయిందని ఎవరైనా అంటే మెకానిక్ ఎన్ని సీళ్లు మార్చినా ఫలితం ఉండదు. అది ఫ్రేము గుణం.

ఇక్కడో గట్టి అభ్యంతరం ఉంది. 2000ల మొదట్లో వచ్చిన ప్లాట్‌ఫామ్ షాకులు, ఆ తర్వాతి ఫాక్స్ ప్రోపెడల్ లాంటివి పెడలు ఊగుడును షాక్ లోపలే ఆపగలిగాయి కదా, మరి షాక్ ప్రధానం కాదంటే ఎలా? ఆపిన మాట నిజం. షాక్‌లోని నూనె మెల్లటి కదలికను అడ్డుకునేలా వాల్వు బిగిస్తే ఊగుడు తగ్గింది, దాంతోపాటు చిన్న రాళ్లకు చక్రం స్పందించడమూ తగ్గింది. అందుకే డిజైనర్లు లింకేజీని వదలలేదు. శాంటాక్రూజ్ వీపీపీ, డేవ్ వీగల్ డీడబ్ల్యూ-లింక్ చైను లాగుడునే ఊగుడుకు ఎదురుబలంగా వాడుకునేలా కీళ్లను అమర్చాయి. షాక్ మీద భారం తగ్గాకే దాన్ని మెత్తగా ట్యూన్ చేసే వీలు వచ్చింది. ఇంత తలనొప్పి దేనికి, వెనుక సస్పెన్షన్ లేని బండే మేలనేవాళ్లకూ చాలా ఏళ్లు రేసులు సాక్ష్యమిచ్చాయి. 2004, 2008 ఒలింపిక్స్ క్రాస్ కంట్రీ స్వర్ణాలను జూలియన్ అబ్సలాన్ అలాంటి బండి మీదే గెలిచారు. 2012లో లండన్‌లో యరోస్లావ్ కుల్హావీ వెనుక సస్పెన్షన్ ఉన్న బండితో స్వర్ణం గెలిచాక ఆ వాదన బలహీనపడింది. రిపేరు బరువు గురించి వాళ్లు చెప్పేది మాత్రం ఇప్పటికీ నిజమే, దాన్ని కొట్టిపారేయకూడదు.

కాబట్టి బండి ముందు పెట్టుకున్నప్పుడు ఈ చరిత్ర చెప్పే వరసలోనే వెళ్లాలి. తొలి పని శాగ్, అంటే మనిషి బరువుకు షాక్ ఎంత దిగుతుందో, కొలవడం. షాక్ కదలిక 50 మిల్లీమీటర్లయితే, మనిషి కూర్చున్నప్పుడు అది 12 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. ఊగుడు ఫిర్యాదులు చాలావరకు గాలి సరిచేస్తేనే పోతాయి. మళ్లీ పంపు తగిలిస్తే గేజు ఎప్పుడూ కాస్త తక్కువ చూపిస్తుంది. కొంత గాలి పంపు గొట్టంలోకి పోతుంది, షాక్ లీకవుతోందని కంగారు పడనక్కర్లేదు. తర్వాత సీటు పట్టుకుని మెల్లగా పైకెత్తి దించాలి. టక్కుమంటే షాక్ చివరల బుష్ అరిగినట్టే. అదే 50 మిల్లీమీటర్ల షాక్‌తో చక్రం కదలిక 130 మిల్లీమీటర్లున్న ఫ్రేములో బుష్ దగ్గరి అర మిల్లీమీటరు లూజు చక్రం దగ్గర 1.3 మిల్లీమీటర్లవుతుంది. అప్పటికీ తేలకపోతే గాలి తీసేసి, షాక్ ఒక చివర బోల్టు విప్పి, స్వింగ్ ఆర్మ్‌ను చేత్తో ఆడించాలి. పట్టేయకుండా, పక్కలకు ఊగకుండా లేచి దిగితే కీళ్లు బాగున్నట్టు. ఎక్కడైనా గరుకుగా తగిలితే అక్కడ బేరింగు పోయింది. ఈ పరీక్షకు కావాల్సింది ఒక ఎలెన్ కీ, పది నిమిషాలు. ఇందులో తప్పేమీ దొరకనప్పుడే షాక్‌ను అనుమానించాలి. రాక్‌షాక్స్ చెప్పే ప్రకారం గాలి గదిని 50 గంటల సవారీకి ఒకసారి శుభ్రం చేయాలి. లోపలి సీలు పాడై గాలి ప్రతికూల గదిలోకి, అంటే ప్రధాన గాలి గదికి ఎదురుగా తోసే గదిలోకి, చేరితే షాక్ కుదించుకుపోయి పైకి రాదు. ఆ స్థితిలో లోపల పీడనం ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఇంట్లో విప్పకుండా, షాకులు తెలిసిన మెకానిక్ చేతికే ఇవ్వాలి.