గబ్బిలాల ముక్కు మీద తెల్ల బూజు

ఈ కథ ఒక ఫోటోతో మొదలవుతుంది. 2006 ఫిబ్రవరి 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఆల్బనీ నగరానికి చేరువలో ఉన్న హోవ్స్ గుహలోకి గుహలంటే సరదా ఉన్న ఒకాయన దిగాడు. కప్పుకు వేలాడుతూ నిద్రపోతున్న గబ్బిలాలను ఫోటో తీశాడు. వాటిలో కొన్నింటి మూతి మీద పిండి అద్దినట్లు తెల్లగా ఏదో ఉంది. అప్పట్లో దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇవాళ శాస్త్రజ్ఞులు ఆ ఫోటోనే ఉత్తర అమెరికాలో 'తెల్లముక్కు వ్యాధి'కి దొరికిన మొదటి సాక్ష్యంగా చూస్తున్నారు.

మరుసటి ఏడాది, 2007 శీతాకాలంలో, ఆ చుట్టుపక్కల గుహల్లో గబ్బిలాలను లెక్కించడానికి వెళ్లిన రాష్ట్ర జీవశాస్త్రజ్ఞులు నిర్ఘాంతపోయారు. గుహల నేల మీద వేల సంఖ్యలో గబ్బిలాలు చచ్చి పడి ఉన్నాయి. బయట మంచు కురుస్తున్న కాలంలో, ఒక్క పురుగైనా దొరకని పట్టపగలు, కొన్ని గబ్బిలాలు గుహ వదిలి ఎగురుతున్నాయి. నిద్రపోవలసిన ప్రాణి ఎందుకు మేలుకొంది? మూతి మీద ఆ తెలుపు ఏమిటి?

నిద్రే ఆహారం

ఈ ప్రశ్నలకు జవాబు కావాలంటే ముందు ఆ నిద్ర సంగతి తెలుసుకోవాలి. మన దక్షిణాది గబ్బిలాలకు ఏడాది పొడుగునా పురుగులో పండ్లో దొరుకుతాయి. ఉత్తర అమెరికాలోని చిన్న గోధుమరంగు గబ్బిలానికి ఆ అదృష్టం లేదు. సుమారు 10 గ్రాముల బరువుండే ఈ ప్రాణి వేసవి చివరలో కడుపునిండా తిని, ఒంట్లో కొవ్వు నిలవ చేసుకుని, చల్లని గుహలో శీతాకాల సుప్తావస్థలోకి వెళ్తుంది. ఒంటి వేడి దాదాపు గుహ ఉష్ణోగ్రతకు దిగిపోతుంది. నిమిషానికి వందలసార్లు కొట్టుకునే గుండె పదీ ఇరవై సార్లకు తగ్గుతుంది. శరీర రక్షణ వ్యవస్థ కూడా మందగిస్తుంది. మధ్యమధ్య కొద్దిసేపు మేలుకుంటుంది. నిలవ చేసుకున్న కొవ్వులో ఎక్కువ భాగం ఖర్చయ్యేది ఈ కొద్దిపాటి మెలకువలకే. అంటే నాలుగుసార్లు లేవవలసింది పన్నెండుసార్లు లేస్తే, వసంతం రాకముందే గాదె ఖాళీ అవుతుంది.

దోషా, సాక్షా?

విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్ లోని జాతీయ వన్యప్రాణి ఆరోగ్య కేంద్రంలో డేవిడ్ బ్లెహర్ట్ బృందం చచ్చిన గబ్బిలాల చర్మం నుంచి ఒక శిలీంధ్రాన్ని వేరుచేసి, 2008లో ఆ విషయం ప్రకటించింది. అది చలిని కోరే శిలీంధ్రం. 12 నుంచి 16 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య బాగా పెరుగుతుంది, 20 డిగ్రీలు దాటితే పెరగదు. దాని సిద్ధబీజాలు వంకర తిరిగి ఉంటాయి. 2009లో దానికి జియోమైసిస్ డిస్ట్రక్టాన్స్ అని పేరు పెట్టారు. 2013లో దాన్ని సూడోజిమ్నోఆస్కస్ అనే ప్రజాతికి మార్చారు.

శిలీంధ్రం దొరికింది కదా, ఇక దోషి దొరికినట్లే అని మీరు అనవచ్చు. శాస్త్రజ్ఞులు అంత తొందరపడలేదు. చచ్చిన ప్రతిదాని మీదా బూజు పడుతుంది. వేరే జబ్బుతో నీరసించిన గబ్బిలం మీద ఈ బూజు తర్వాత చేరిందేమో? ఈ అనుమానం తీరాలంటే దారి ఒక్కటే. మీ పాఠ్యపుస్తకాల్లో రాబర్ట్ కాక్ పేరు చూసే ఉంటారు. అనుమానించిన సూక్ష్మజీవిని వేరుచేసి, పెంచి, ఆరోగ్యంగా ఉన్న ప్రాణికి అంటించి, అదే జబ్బు వస్తుందో లేదో చూసి, దాన్నుంచి మళ్లీ అదే సూక్ష్మజీవిని రాబట్టాలని ఆయన చెప్పాడు. నిజానికి కాక్ కంటే ముందే, 1835లో, ఇటలీకి చెందిన అగస్టీనో బాస్సీ ఇలాంటి పని చేశాడు. చచ్చిన పట్టుపురుగు సున్నపు కడ్డీలా తెల్లగా బిగుసుకుపోయే జబ్బుకు శిలీంధ్రమే కారణమని నిరూపించాడు. ఒక సూక్ష్మజీవి వల్ల జంతువుకు జబ్బు వస్తుందని చూపిన తొలి ప్రయోగాల్లో అదొకటి.

2011లో జెఫ్రీ లార్చ్, బ్లెహర్ట్ తదితరులు ఆరోగ్యంగా ఉన్న గబ్బిలాలకు ఈ శిలీంధ్రాన్ని పూసి ప్రయోగశాలలో నిద్రపుచ్చారు. వాటన్నింటికీ రెక్కల మీద అచ్చం గుహల్లో చూసినలాంటి పుండ్లు వచ్చాయి. వాటితో కలిసి ఉన్న గబ్బిలాలకు కూడా జబ్బు అంటుకుంది. పక్కన వేరుగా ఉంచి, గాలి మాత్రమే తగలనిచ్చిన వాటికి అంటలేదు. అయితే ఇది జబ్బుకు రుజువు, చావుకు కాదు. ఆ లోటు 2012లో లిసా వార్నెకె బృందం తీర్చింది. శిలీంధ్రం పూసిన గబ్బిలాలు క్రమంగా తరచు మేలుకుంటూ, చివరికి మామూలు వాటికంటే 3, 4 రెట్లు ఎక్కువగా లేచాయి. కొవ్వు కరిగి చచ్చిపోయాయి.

సముద్రం దాటిన మట్టి

ఈలోగా మరో చిక్కు వచ్చింది. 2009లో ఫ్రాన్స్ లో ఒక గబ్బిలం మీద ఇదే శిలీంధ్రం కనిపించింది. తర్వాత జర్మనీ, స్విట్జర్లాండ్, హంగరీలలోనూ దొరికింది. అక్కడ మాత్రం గబ్బిలాలు గుంపులుగా చావలేదు. అయితే యూరప్ శిలీంధ్రం సాధు రకమా? వార్నెకె బృందం దాన్ని కూడా అమెరికా గబ్బిలాలకు పూసి చూసింది. అవీ చచ్చాయి! తేడా శిలీంధ్రంలో లేదు, గబ్బిలాల్లో ఉంది. యూరప్ గబ్బిలాలు ఎంతో కాలంగా దానితో కలిసి బతకడం నేర్చాయి. అమెరికా గబ్బిలాలకు అది కొత్త శత్రువు.

గబ్బిలాలు అట్లాంటిక్ సముద్రాన్ని దాటి రాలేవు. మరి ఎవరు తెచ్చారు? 2025లో నికోలా ఫిషర్, సెబాస్టియన్ ప్యూష్మాయ్ తదితరులు పలు దేశాల నుంచి సేకరించిన వేలాది నమూనాల జన్యువులను పోల్చారు. అమెరికా చేరిన శిలీంధ్రం పశ్చిమ ఉక్రెయిన్ లోని పొడిల్యా ప్రాంతం నుంచి వచ్చినట్లు తేల్చారు. అది పెద్ద గుహలకు పేరుపొందిన చోటు. గుహల్లో తిరిగిన మనుషుల బూట్లకో తాళ్లకో అంటిన మట్టే దాన్ని మోసుకొచ్చిందని బలమైన అనుమానం.

ఆ చిటికెడు మట్టి ఖరీదు ఎంత? 2012 నాటికే చచ్చిన గబ్బిలాలు 57 నుంచి 67 లక్షలని అమెరికా ప్రభుత్వ అంచనా. మూడు జాతుల గబ్బిలాలు 90 శాతానికి పైగా తగ్గిపోయాయని 2021లో ఒక అధ్యయనం తెలిపింది. చిన్న గోధుమరంగు గబ్బిలం ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. కాబట్టి పోయిన సంఖ్య త్వరగా తిరిగి రాదు. నష్టం గుహలోనే ఆగలేదు. పురుగులను తినే గబ్బిలాలు పోయిన జిల్లాల్లో రైతులు పురుగుమందుల వాడకం సుమారు 31 శాతం పెంచారనీ, అక్కడ శిశు మరణాలు కూడా దాదాపు 8 శాతం పెరిగాయనీ షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఇయాల్ ఫ్రాంక్ 2024లో లెక్కగట్టాడు.

మంచి వార్త బొత్తిగా లేకపోలేదు. కొన్ని గుహల్లో మిగిలిన గబ్బిలాలు నిద్రకు ముందు ఎక్కువ కొవ్వు కూడబెట్టుకుంటున్నాయి. అతినీలలోహిత కాంతికి ఈ శిలీంధ్రం తట్టుకోలేదని 2018లో తెలిసింది. గుహల్లో తిరిగేవారు తమ సామగ్రిని 55 డిగ్రీల వేడినీటిలో 20 నిమిషాలు ముంచి ఉంచాలని అమెరికాలో నియమం పెట్టుకున్నారు.

నంద్యాల జిల్లాలోని బేలం గుహలకు మీరు వెళ్లి ఉంటే లోపలి ఉక్క గుర్తుండే ఉంటుంది. చలిని కోరే ఈ శిలీంధ్రానికి అక్కడ చోటు లేదు. కానీ ఈ కథలో మనకు పనికొచ్చే మాట శిలీంధ్రం గురించి కాదు, బూట్ల గురించి. ఇంట్లోకి అడుగుపెట్టే ముందు గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కోవడం మనకు కొత్తేమీ కాదు. గుహ కూడా ఒక ప్రాణికి ఇల్లే. ఈసారి గుహ చూడటానికి వెళ్లేటప్పుడు మీ బూట్ల అడుగు ఒకసారి తిప్పి చూసుకోండి.