బాప్తిస్మపు పేరు, బడి పేరు

మనుషుల పేర్లంటే మాకు చిన్ననాటినుండి ఒక పిచ్చి. కొత్తవారు ఎదురైతే ఊరు, ఉద్యోగము అడుగక ముందే పేరడిగి, ఆ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని ఆరా తీయుట మా అలవాటు. కొందరు నవ్వుతారు. కొందరు విసుక్కుంటారు. అయినా పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతపు పల్లె సంఘాలలో ఎన్నో ఏండ్లు తిరిగి మేము పోగుచేసుకొన్న పేర్లను ఒకచోట పేర్చి చూస్తే, మన సంఘచరిత్రలో పుస్తకాల కెక్కని భాగము చాలామట్టుకు అందులోనే కనబడుతున్నది.

ముందు ఈ సీమ సంగతి కొంచెము చెప్పాలి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలోను, పుంగనూరు జమీను ఉత్తర ఆర్కాటు జిల్లాలోను ఉండేవి. ఒకవైపు మైసూరు కన్నడము, మరొకవైపు ఆర్కాటు తమిళము, నడుమ మన తెలుగు. అందుకే ఇక్కడి పేర్లకు చివర 'అయ్య' కంటె 'అప్ప' ఎక్కువ. రెడ్డెప్ప, మునెప్ప, నాగప్ప, చిన్నప్ప. తిరుపతి కొండ దగ్గర గనుక వెంకటరమణలకు కొదువ లేదు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర జరుగుతుంది గనుక గంగమ్మలు, గంగులప్పలు ప్రతి పల్లెలోను ఉంటారు. ఆంగ్లేయ దొర పేరు సయితము ఈ సీమ తనది చేసుకొన్నది. 1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో మీది అభిమానముతో రాయలసీమవారు బిడ్డలకు మన్రోలప్ప, మన్రోలమ్మ అని పెట్టుకొన్నారని చెబుతారు.

ఇవిగాక మరొక తెగ పేర్లున్నాయి. పెంటయ్య, పెంటమ్మ, కుప్పయ్య, కుప్పమ్మ, పుల్లయ్య. పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోతూ ఉంటే, తరువాత పుట్టిన బిడ్డను పెంటకుప్పమీదనో, ఎంగిలి విస్తరాకులమీదనో ఒక నిమిషము పడుకోబెట్టి, మరల ఎత్తుకొని ఈ పేర్లు పెట్టేవారు. పనికిమాలిన వస్తువనుకొని మృత్యువు ముట్టకుండా పోతుందని తల్లి ఆశ. ఈ పేర్లను చూచి నవ్వేవారు వాటిలోని కన్నీటిని చూడరు. అన్ని కులాలలోను ఈ పేర్లున్నవి. అయితే మాలపల్లె, మాదిగపల్లెలలో ఇంకొక సంగతి జతపడేది. తల్లి పెట్టిన పేరు పెంటయ్య అయినా, ఊరిలో పిలుపు పెంటిగాడు. తల్లి వెంకటమ్మ అన్నా, కళ్ళములో ఎంకటి.

ఇటువంటి పల్లెలకు సువార్త వచ్చింది. పుంగనూరు సీమకు 18వ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే ఫ్రెంచి జెస్యూట్ పాదిరులు వచ్చినట్లు వారి ఉత్తరాలవలన తెలుస్తున్నది. ప్రొటెస్టెంటు సంఘానికి మూలము 1853లో స్కడ్డరు సోదరులు స్థాపించిన ఆర్కాటు మిషను. ఆ మిషను పక్షముగా డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ దొరగారు 1863లో మదనపల్లెకు వచ్చి, 1908లో ఇక్కడే కన్నుమూశారు. తెలుగు బైబిలు సవరణ సంఘానికి చాలా ఏండ్లు అధ్యక్షులుగా ఉన్నదీ వీరే. నేడు మన పిల్లలకు పెట్టే పేతురు, యోహాను, యాకోబు అన్న రూపాలు మనకు అందినది ఆ తెలుగు బైబిలునుండే. అవి ఇంగ్లీషు పేర్లు కావు. గ్రీకు, హెబ్రీ మాటలకు తెలుగు అంత్యాక్షరము తగిలించగా వచ్చినవి. జాన్, పీటర్, జేకబ్ తరువాత మిషను బడులద్వారా వచ్చిన రూపాలు. ఒకే ఇంటిలో తాత యోహాను, తండ్రి జాన్, మనుమడు జానీ అయిన కుటుంబాలు మాకు ఎన్నో తెలుసు. ముగ్గురిదీ ఒకటే పేరని మనుమడికి తెలియదు.

బాప్తిస్మము తీసుకొనేటప్పుడు పేరు మార్చుకొని తీరాలా అన్న ప్రశ్న పాతదే. సౌలు మారుమనస్సు పొంది పౌలు అయినాడు గనుక మనమూ మార్చుకోవాలని ప్రసంగాలలో చెప్పగా వింటాము. ఇది సరికాదు. దమస్కు మార్గములో ప్రభువు అతనిని సౌలా అనే పిలిచినాడు. అటు తరువాత కూడ చాలాకాలము అతడు సౌలే. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయములో పౌలు అనబడిన సౌలు అని వస్తుంది. అనగా యూదుల మధ్య ఒక పేరు, రోమీయుల మధ్య ఒక పేరు. రోమా పత్రిక 16వ అధ్యాయము తీసి చూడండి. పౌలు వందనములు చెప్పినవారిలో హెర్మే ఉన్నాడు. అది గ్రీకుల దేవత పేరు. ఆ పత్రికలోనే మెప్పుపొందిన ఫీబే పేరు చంద్రదేవతకు వాడిన బిరుదు. కొరింథు సంఘములో ఉపదేశము చేసిన అపొల్లో పేరులో అపొల్లో దేవత ఉన్నాడు. పేరు మార్చుకో అని వారిలో ఎవరికీ పౌలు వ్రాయలేదు.

మన తెలుగు క్రైస్తవులలో మొదటి తరమువారు కొందరు ఈ సంగతి గ్రహించారు. కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) బ్రాహ్మణ కుటుంబములో పుట్టి, బాప్తిస్మము పొంది, విష్ణు నామమైన పురుషోత్తమ శబ్దమును విడువలేదు. ఆయన కీర్తనలు పాడే సంఘాలలో ఎవరికీ అది అడ్డు కాలేదు. రాయలసీమ బిషప్పుగా ఉండి, దక్షిణ ఇండియా సంఘానికి 1954 మొదలు 1962 వరకు మోడరేటరుగా పనిచేసిన హోస్పేట్ సుమిత్రగారి పేరు అచ్చమైన సంస్కృతము.

పేరు మార్చుకొన్నవారిలోనూ రెండు దారులు కనబడతాయి. బైబిలు పేరును ఉన్నది ఉన్నట్లు తీసుకొనుట ఒకటి. అర్థమును మన భాషలోకి తెచ్చుకొనుట రెండవది. ఈ రెండవ దారి వేసినది కేథలిక్ పాదిరులే. 1606లో మధురకు వచ్చిన రాబర్టు డి నోబిలి తత్త్వబోధకస్వామి అయినాడు. కాన్‌స్టాంజో బెస్కీ తన పేరులోని స్థిరత్వమనే అర్థముతో ధైర్యనాథస్వామి అయినాడు. తిరువాన్కూరులో నీలకంఠ పిళ్ళై 1745లో లాజరు పేరుమీద బాప్తిస్మము పొంది, ఆ పేరు తమిళములో దేవసహాయమయినది; 1752లో హతసాక్షి అయిన ఆయనను 2022 మే 15న రోములో పునీతుడుగా ప్రకటించారు. లాజరు అన్నది హెబ్రీ ఎలియాజరు. దేవుడు సహాయము చేసెను అని దాని అర్థము. అజర్యా అన్నా దాదాపు అదే అర్థము. 1912లో దోర్నకల్‌కు బిషప్పు అయిన వేదనాయగం సామ్యూల్ అజరయ్యగారిని, మన పల్లెలోని లాజరును, పక్క పల్లెలోని దేవసహాయమును ఒక వరుసలో నిలబెడితే ముగ్గురిదీ ఒకే సాక్ష్యము.

ఈ దారిలో వచ్చిన పేర్లు మా చెవికి మిక్కిలి ఇంపు. దేవదానము, కృపానందము, ఆశీర్వాదము, సువార్తమ్మ, జీవరత్నము. మదనపల్లె దగ్గర డాక్టర్ ఫ్రిమాట్-మోలర్ మొదటి సూపరింటెండెంటుగా ఉన్న క్షయ ఆసుపత్రికి ఆరోగ్యవరము అని పేరు పెట్టినవారు కూడ ఈ తెలుగు చెవి గలవారే. మొదటి దారివారు తెలుగును వదిలారని కాదు. పేతురయ్య, మార్తమ్మ, రూతమ్మ, రాహేలమ్మ అని 'అయ్య', 'అమ్మ' చేర్చి హెబ్రీ పేరును ఇంటిదానిని చేసుకొన్నారు. రాహేలు అంటే ఆడగొర్రె, దొర్కా అంటే లేడి, దెబోరా అంటే తేనెటీగ, యోనా అంటే పావురము అని చెబితే, గొర్రెలు కాచుకొనే మన పెద్దమ్మలు ఎంతో సంతోషిస్తారు. ఒక్క చిక్కు మాత్రము ఉన్నది. మన ప్రాంతపు గ్రామదేవత మారెమ్మ. మరియమ్మ అని పాస్టరుగారు పలికినది ఊరివారి నోట మారెమ్మ అయిపోవుట మేము అనేకసార్లు విన్నాము.

ఇంతకూ కొత్త పేరు ఏమి చేసినది? ఒక వృద్ధ ఉపదేశిగారు మాతో చెప్పిన మాట ఇది. బాప్తిస్మమునకు ముందు తన తండ్రిని రెడ్డిగారు గాడు చేర్చి పిలిచేవారట. దావీదు అయిన తరువాత కూడ దావీదుగాడు అనే పిలిచారట. కాని ఆదివారము గుడిలో సంఘమంతా దావీదయ్యగారు అన్నది. వారములో ఆరు దినాలు గాడు, ఒక దినము గారు. ఆ ఒక దినము కోసమే మా నాయన బ్రతికినాడు అన్నారాయన.

ఇక నేటి సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులాల గుర్తింపు హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో షెడ్యూల్డు కులాలనుండి వచ్చిన క్రైస్తవులు వెనుకబడిన తరగతులలో 'సి' గ్రూపువారు. వారికి 1 శాతము రిజర్వేషను. పేరే మతానికి గురుతు గనుక ఎన్నో ఇండ్లలో బిడ్డకు రెండు పేర్లు ఏర్పడినవి. గుడిలో దానియేలు, బడిలో వెంకటేశు. దీనిని కపటమని ఖండించే సోదరులున్నారు. వారితో మేము ఏకీభవించలేము. దానియేలుకు బబులోను కొలువులో బెల్తెషాజరు అని మరొక పేరు వ్రాశారు. అజర్యాను అబేద్నెగో అన్నారు. హదస్సా ఎస్తేరు అయినది. ఆ పేర్లు వ్రాసినది కొలువు. మోసినది వారు. తాతలనాటి దారిద్ర్యము, అంటరానితనము బాప్తిస్మపు నీటితో ఊరివారి కంటికి చెరిగిపోలేదన్నది పల్లెలో ఉన్నవారికి తెలుసు.

కాని దీనికి చెల్లించే వెల కూడ ఉన్నది. మాకు తెలిసిన ఒక ఉద్యోగి మరణించినప్పుడు సర్వీసు రిజిస్టరులో ఒక పేరు, పెండ్లి రిజిస్టరులో మరొక పేరు ఉండుటచేత భార్య పింఛను కోసము రెండేండ్లు తిరిగినది. చివరకు ఆ ఇద్దరూ ఒక్కరేనని పాస్టరుగారు, గ్రామపెద్దలు సంతకాలు చేశారు. సమాధిమీద ఏ పేరు చెక్కాలని పిల్లలు వాదులాడుకొన్నారు. తల్లి రెండూ చెక్కించినది. పైన గుడి పేరు, క్రింద బడి పేరు.

ఇప్పటి బిడ్డలకు బ్లెస్సీ, షారోన్, ప్రిన్స్ అని పెడుతున్నారు. పాతకాలపు మనుషులము గనుక మాకు అంతగా రుచించవు. షారోను పలస్తీనలో ఒక మైదానమని చెబితే మొన్న కుప్పంలో ఒక తల్లి, మైదానమైతే మంచిదే, బిడ్డ ఆడుకొంటుంది అన్నది. ఆ పాప నాయనమ్మ పేరు కుప్పమ్మ. రిజిస్టరులో ఆ పాప పేరు షారోన్ కుప్పమ్మ అని వ్రాయించుకొన్నారు.