ద్వీపాల బడిపంతులు - ఎవరి పిలుపు?

దూరాన సముద్రంలో ఒక చిన్న ద్వీపం. అందులో ఒక పల్లె. ఆ పల్లె బడిలో రెండేళ్ళు పాఠాలు చెప్పడానికి స్వచ్ఛంద ఉపాధ్యాయుడుగా నిన్ను ఎంపిక చేశామని ఒక ఉత్తరం వస్తుంది. అందుకున్న యువకుడు పొంగిపోవడం సహజం. నా విద్యార్థులలో ఇటువంటి ఉత్తరం కోసం ఎదురుచూసే వారున్నారు. వెళ్ళవచ్చునా అని నన్ను అడిగేవారూ వున్నారు. వారి సదుద్దేశాన్ని నేను శంకించను. కాని ఆ ఉత్తరానికి ఒక చరిత్ర వున్నది. అది తెలుసుకోకుండా వెళ్ళమనీ చెప్పలేను, మానమనీ చెప్పలేను.

1961లో ప్రపంచంలో రెండుచోట్ల యువకులకు ఇటువంటి పిలుపు వచ్చింది. ఒకటి అమెరికాలో, రెండవది క్యూబాలో.

ఆ సంవత్సరం మార్చి 1న అధ్యక్షుడు కెనడీ పీస్ కోర్ అనే శాంతి దళాన్ని స్థాపించాడు. సరిగ్గా ఏడేళ్ళ క్రితం, 1954 మార్చి 1న, అదే అమెరికా పసిఫిక్ సముద్రంలోని బికినీ దీవిలో అతి పెద్ద హైడ్రోజన్ బాంబును పేల్చింది. దాని విషధూళి రాంగెలాప్ ప్రజల మీద రాలింది. 1946 మొదలు 1958 వరకు ఆ మార్షల్ దీవులలో జరిగిన అణు పరీక్షలు 67. రెండు తేదీలూ కలవడం కాకతాళీయమే కావచ్చు. బాంబు పడిన ఆ ద్వీపాలకే 1966లో శాంతి దళం కూడా వెళ్ళడం మాత్రం కాకతాళీయం కాదు.

మైక్రొనీషియా అంటే రెండువేలకు పైబడిన చిన్న చిన్న దీవులు. మనుషులు నివసించేవి వందకు లోపే. స్పెయిన్, జర్మనీ, జపాన్ వరుసగా ఏలిన ఆ దీవులను రెండవ ప్రపంచయుద్ధం అమెరికా చేతిలో పెట్టింది. 1947లో ఐక్యరాజ్యసమితి వాటిని ధర్మకర్తగా పాలించమని అమెరికాకు అప్పగించింది. విద్యను పెంపొందించి, ప్రజలను స్వపరిపాలనకో స్వాతంత్ర్యానికో సిద్ధం చేయడం ధర్మకర్త విధి. కాని ఆ విధి కాగితాన్ని దాటలేదు. 1961లో పర్యటించిన ఐక్యరాజ్యసమితి బృందం ఆ నిర్లక్ష్యాన్ని గట్టిగా విమర్శించింది.

ఆఫ్రికా, ఆసియా దేశాలు ఒక్కొక్కటే విముక్తి పొందుతున్న కాలమది. దీవులు చేజారకూడదు, వలసరాజ్యమనే నింద కూడా రాకూడదు. 1962 ఏప్రిల్‌లో కెనడీ ప్రభుత్వం దీవులను శాశ్వతంగా అమెరికాతో ముడివేయాలని రహస్యంగా నిర్ణయించింది. మరుసటి యేడు ఆంథొనీ సాలమన్ నాయకత్వాన ఒక బృందాన్ని పంపింది. ఆ బృందం యిచ్చిన నివేదికలో బడులున్నాయి, ఆస్పత్రులున్నాయి, విద్యార్థి వేతనాలున్నాయి. అమెరికా పట్ల భక్తి పెంచే పాఠాలు, దేశభక్తి కార్యక్రమాలు వున్నాయి. శాంతి దళం వాలంటీర్లు వున్నారు. అన్నిటి చివర ఒక ప్రజాభిప్రాయ సేకరణ వున్నది. అంటే ముందు పాఠం, తరువాత వోటు!

వాలంటీర్లు వందల సంఖ్యలో దిగారు. వారిలో ఎక్కువమందికి అప్పగించిన పని పల్లె బడులలో ఇంగ్లీషు చెప్పడం. వారంతా కుట్రదారులా? ఎంతమాత్రం కాదు. వియత్నాం యుద్ధాన్ని అసహ్యించుకుని వచ్చిన వారు వారిలో వున్నారు. ద్వీపవాసుల ఇళ్ళలో వుండి, వారి భాషలు నేర్చి, వారి తిండి తిన్నవారున్నారు. న్యాయవాదులుగా వచ్చిన వాలంటీర్లు కొందరు ద్వీపవాసుల పక్షాన నిలిచి పాలకులకు తలనొప్పి తెచ్చారు. వ్యక్తి మంచితనం వేరు, ఆ వ్యక్తిని పంపిన వ్యవస్థ ప్రయోజనం వేరు. మొదటిదాన్ని చూపి రెండవదాన్ని కప్పిపుచ్చడమే సామ్రాజ్యవాదం నేర్చిన విద్య.

అయితే చదువు రెండంచుల కత్తి. సాలమన్ నివేదికలో దాచిన భాగాన్ని 1971లో బయటపెట్టినది హవాయిలో చదువుతున్న మైక్రొనీషియా విద్యార్థులే. విధేయత నేర్పడానికి తెచ్చిన భాషలోనే వారు పాలకుల రహస్యాన్ని చదివి, తమ పత్రికలో అచ్చువేశారు.

ఇక క్యూబా సంగతి. 1953 లెక్కల ప్రకారం అక్కడ నూటికి 23 మందికి పైగా నిరక్షరాస్యులు. పల్లెలలో నూటికి 41 మందికి పైగా. 1961లో లక్షమంది విద్యార్థులు లాంతరు, వాచకం పట్టుకుని కొండపల్లెలకు వెళ్ళారు. సగానికి పైగా ఆడపిల్లలు. పగలు రైతులతో పొలం పని, రాత్రి లాంతరు వెలుగులో చదువు. ఆ యేడు జనవరిలో కొన్రాదో బెనీతెస్ అనే నల్లజాతి యువ ఉపాధ్యాయుణ్ణి విప్లవ వ్యతిరేకులు చంపారు. నవంబరులో పదహారేళ్ళ మనువేల్ అస్కున్సేను, అతనికి ఆశ్రయమిచ్చిన రైతును కలిపి చంపారు. అయినా ఉద్యమం ఆగలేదు. డిసెంబరు 22 నాటికి ఏడు లక్షలమందికి పైగా అక్షరాలు నేర్చారు. నిరక్షరాస్యత నూటికి నాలుగుకు దిగిందని ప్రభుత్వం ప్రకటించింది.

క్యూబా వాచకంలో మాత్రం రాజకీయాలు లేవా అని మిత్రులు అడగవచ్చు. వున్నాయి. అదీ ప్రభుత్వం పక్షాన మాట్లాడిన పుస్తకమే. దాన్ని దాచి వాదించడం మనకు తగదు. ఏ పక్షానా నిలబడని బడి చరిత్రలో కనిపించదు. భేదం మరొకచోట వున్నది. క్యూబాలో పంతులూ రైతూ ఒకే భాషవారు, ఒకే దేశపు పౌరులు. పొలం ఎలా దున్నాలో రైతు పంతులుకు నేర్పాడు. మైక్రొనీషియాలో పంతులు వెంట వచ్చినది పాలకుల భాష. వాలంటీర్లను పిలిచే అధికారం, పంపివేసే అధికారం ఆ దీవుల ప్రజల చేతిలో లేదు.

ఫలితం మన కళ్ళ ఎదుట వున్నది. 1975 వోటుతో ఉత్తర మరియానాలు అమెరికాలో కలిశాయి. మార్షల్ దీవులు, మైక్రొనీషియా సమాఖ్య 1986లో రాజ్యాలయ్యాయి. కాని రక్షణాధికారం అమెరికాకే వదిలాయి. అణ్వస్త్రాలను నిషేధించే రాజ్యాంగం రాసుకున్న పలావ్, మళ్ళీ మళ్ళీ వోటింగు జరిపిన మీదట 1994లో అదే దారి పట్టింది. క్వాజలిన్‌లో క్షిపణుల స్థావరం నేటికీ వున్నది.

కనుక ఉత్తరం అందుకున్న విద్యార్థికి నేను చెప్పేది యిది. నీ మనసును కాదు, నిన్ను పంపేవాణ్ణి పరీక్షించు. ఆ వూరి ప్రజలు పంతులును కోరారా, లేక ఎవరో కోరి పంపుతున్నారా? పాఠం ఎవరి భాషలో? నీవు తిరిగివచ్చాక ఆ బడిని నడిపే స్థానిక ఉపాధ్యాయులు తయారవుతారా, లేక మరో వాలంటీరు కోసం ఎదురుచూడవలసినదేనా? యీ మూడు ప్రశ్నలకూ సరైన జవాబు దొరికితే సంతోషంగా వెళ్ళు. దొరకకపోతే, పంతులు లేని బడులు మన ఏజెన్సీ గూడేలలోనూ వున్నాయి. అక్కడికి వెళ్ళేముందు కూడా యీ ప్రశ్నలే వేసుకో.