మద్రాసు విశ్వవిద్యాలయం: పెరిగిన విద్యార్థులు, తరిగిన సరిహద్దులు

1839 నవంబరు 11వ తేదీన చెన్నపట్టణ పౌరుల పక్షాన ఒక విజ్ఞాపన పత్రం గవర్నరు లార్డ్ ఎల్ఫిన్‌స్టన్‌కు సమర్పింపబడింది. దానిని సమర్పించినవాడు అడ్వొకేట్ జనరల్ జార్జి నార్టన్. పట్టణంలో ఉన్నత విద్యకు ఒక కళాశాల కావాలన్నది అందులోని కోరిక. దాని క్రింద చేరిన సంతకాలు 70,000. ఆ కోరిక విశ్వవిద్యాలయంగా రూపు దాల్చడానికి పద్దెనిమిది సంవత్సరాలు పట్టింది. 1857 సెప్టెంబరు 5న మద్రాసు విశ్వవిద్యాలయం శాసనబద్ధమయింది. మరుసటి సంవత్సరం దాని తొలి బి.ఏ. పట్టం పొందినవారు ఇద్దరు. ఆ ఇద్దరూ సింహళంలోని యాళ్‌పాణం నుండి వచ్చినవారు. డెబ్బై వేల సంతకాలకు ఇద్దరు పట్టభద్రులు! ఈ విశ్వవిద్యాలయ చరిత్ర అంతా ఈ రెండు సంఖ్యల నడుమనున్న దూరాన్ని తగ్గించే ప్రయత్నమే అనిపిస్తుంది.

నాటి విశ్వవిద్యాలయం పాఠం చెప్పే సంస్థ కాదు. 1854 నాటి ఉడ్ తాఖీదు ననుసరించి లండను విశ్వవిద్యాలయపు నమూనాలో దీనిని నెలకొల్పారు. పాఠ్యక్రమం నిర్ణయించడం, పరీక్ష జరపడం, పట్టం ఇవ్వడం దీని విధులు. బోధన అంతా అనుబంధ కళాశాలలది. 1879 నాటికి పూర్తయిన సెనేటు భవనం, చిషోమ్ అనే వాస్తుశిల్పి కట్టిన ఆ సుందర సౌధం, తరగతి గదుల కోసం కట్టినది కాదన్న సంగతి గమనింపదగినది. సభలకు, పరీక్షలకు, స్నాతకోత్సవాలకు అనువుగా ఉన్న ఆ కట్టడమే సంస్థ స్వభావాన్ని చాటుతుంది. 1904 నాటి చట్టం, ఆ తరువాత 1923 నాటి చట్టం బోధనకు, పరిశోధనకు చోటు కల్పించిన మాట నిజమే. అయినా అధిక సంఖ్యాకులైన విద్యార్థులకు విశ్వవిద్యాలయమంటే హాల్ టిక్కెట్టు మీద కనిపించే పేరుగానే మిగిలిపోయింది.

ఆ పేరు ఎంత దూరం వ్యాపించినదో తలచుకుంటే నేడు ఆశ్చర్యం కలుగుతుంది. గంజాం నుండి తిరునల్వేలి దాకా దానిదే ఏలుబడి. నిజాం రాజ్యంలోని నిజాం కళాశాల సైతం 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికే అనుబంధంగా ఉండేది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ నగరంలోనే వెలిసినప్పటికీ, ఆంగ్లంలో చదువుకొనే ఆ కళాశాల చూపు మాత్రం మద్రాసు వైపే నిలిచింది.

ఇంతటి విశాల ప్రాంతాన్ని ఒక్క కార్యాలయం నుండి నడపడం సాధ్యం కాదని క్రమంగా తేలింది. 1916లో మైసూరు, 1926లో ఆంధ్ర, 1929లో అణ్ణామలై విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో ప్రారంభమై 1930లో వాల్తేరు చేరింది. కట్టమంచి రామలింగారెడ్డిగారు దాని తొలి ఉపాధ్యక్షులు. 1931 నుండి 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఆ పదవి నిర్వహించారు. జయపురం మహారాజు విక్రమదేవవర్మగారి వదాన్యత దానికి ఊపిరిపోసింది. రాయలసీమ కళాశాలలు మాత్రం మళ్ళీ మద్రాసు నీడకే చేరి, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వెలిసేవరకు అక్కడే ఉన్నాయి. తెలుగువారికి ఇది విజయం, సందేహం లేదు. కాని చెన్నపట్టణంలోనే స్థిరపడిన తెలుగు కుటుంబాల దృష్టితో చూస్తే ఈ విజయానికి మరొక ముఖం ఉన్నది. ప్రతి విభజనతోను మద్రాసు విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థి పాలు తగ్గుతూ వచ్చింది. ఒకనాడు ఆ ప్రాంగణంలో గృహస్థుగా ఉన్న భాష నెమ్మదిగా అతిథి స్థానానికి జరిగింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం మీద విశ్వవిద్యాలయాలు సుమారు 20, కళాశాలలు సుమారు 500, విద్యార్థులు రెండు లక్షల పైచిలుకు. 1948 నవంబరులో భారత ప్రభుత్వం విశ్వవిద్యాలయ విద్యా సంఘాన్ని నియమించింది. దాని అధ్యక్షులు రాధాకృష్ణన్‌గారు. 1942 నుండి 1969 వరకు ఇరవై ఏడేండ్లు మద్రాసు విశ్వవిద్యాలయపు ఉపాధ్యక్షులుగా ఉండిన డాక్టర్ ఎ. లక్ష్మణస్వామి మొదలియార్‌గారు అందులో సభ్యులు. 1949లో వెలువడిన ఆ సంఘపు నివేదిక ఒక హద్దు గీచింది. బోధన సాగించే విశ్వవిద్యాలయపు ఆర్ట్స్, సైన్సు విభాగాలలో 3,000 మందికి, అనుబంధ కళాశాలలో 1,500 మందికి మించి విద్యార్థులు ఉండరాదని సూచించింది. గురువు శిష్యుని ముఖం గుర్తుపట్టలేని చోట చదువు ఉండదన్న భావన ఆ హద్దు వెనుక ఉన్నది. విద్యావేత్తగా ఎవరూ కాదనలేని మాట అది. అయినా ఆచరణలో ఆ గీత నిలువలేదు.

నిలువకపోవడానికి కారణం పాలకుల అలసత్వం ఒక్కటే అని చెప్పడం న్యాయం కాదు. తలుపు తట్టినవారు ఎవరో చూడాలి. కామరాజ్‌గారు ముఖ్యమంత్రిగా ఉన్న 1954–63 నడుమ మద్రాసు రాష్ట్రంలో పల్లెపల్లెకు బడి వచ్చింది. 1956లో మధ్యాహ్న భోజన పథకం ఆరంభమయింది. ఆకలి తీరి బడిలో నిలిచిన పిల్లవాడు పదేండ్లకు కళాశాల గుమ్మంలో నిలబడడం సహజం. అతని ఇంట అంతకు ముందు ఎవరూ ఎస్.ఎస్.ఎల్.సి. దాటి ఉండరు. 1,500 అన్న హద్దును ఖచ్చితంగా పాటించి ఉంటే వెనుదిరిగి పోయేవాడు అతడే. సీట్ల కొరత ఎంత తీవ్రంగా ఉండినదో చెంపకం దొరైరాజన్ వ్యాజ్యం చెబుతుంది. మద్రాసు వైద్య, ఇంజనీరింగు కళాశాలల ప్రవేశాలపై పుట్టిన ఆ తగవు సుప్రీంకోర్టుకు చేరి, 1951లో రాజ్యాంగపు మొదటి సవరణకే దారి తీసింది. కొద్ది సీట్లు, వేల ఆశలు. అటువంటి స్థితిలో సంఖ్యను పెంచడం తప్పు కాదు. తప్పంతా, సంఖ్య పెరిగినంతగా బోధన పెరగకపోవడంలో ఉన్నది.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. 1914లో క్వీన్ మేరీస్ కళాశాల, మరుసటి ఏడు విమెన్స్ క్రిస్టియన్ కళాశాల, స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో స్టెల్లా మారిస్, ఎతిరాజ్ కళాశాలలు నగరంలో వచ్చాయి. కుమార్తెను చదివించడానికి వెనుకాడే తండ్రికి, ఇంటికి దగ్గరలో ఆడపిల్లలకు ప్రత్యేకించిన కళాశాల ఉండడం ఎంత ధైర్యమో ఆ తరం వారికి తెలుసు.

విద్యార్థుల వెల్లువను తట్టుకొనడానికి చదువు అమరికనే మార్చారు. 1956 ప్రాంతంలో రెండేండ్ల ఇంటర్మీడియెట్ పోయి ఏడాది పి.యు.సి. వచ్చింది, డిగ్రీ మూడేండ్లయింది. ఆ పి.యు.సి. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలకు నిజమైన అగ్నిపరీక్ష. పదకొండేండ్లు ‘త్వరణం’ అని చదివినది ఒక్కసారిగా ‘యాక్సిలరేషన్’ అయ్యేది. ‘ఉత్ప్రేరకం’ ‘కాటలిస్ట్’ అయ్యేది. విషయం తెలియక కాదు, విషయానికి పేరు తెలియక ఆ పిల్లలు తరగతిలో మౌనంగా కూర్చొనేవారు. మాటలు పట్టుబడేసరికి సంవత్సరం గడిచిపోయి పరీక్ష వచ్చేది. రెండేండ్ల ఇంటర్మీడియెట్‌లో ఇంతటి తొందర లేదు. భాష మారడానికి మొదటి ఏడు, విషయం గ్రహించడానికి రెండవ ఏడు అన్నట్లు ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో 1968లో తెలుగు అకాడమి ఏర్పడి ఉన్నత విద్యకు తెలుగులో పాఠ్యపుస్తకాలు తెచ్చింది. సరిహద్దుకు ఇవతల పరీక్ష వ్రాసే పిల్లవాడికి ఆ పుస్తకాలు అర్థం చేసుకొనేందుకు పనికివచ్చేవేగాని, జవాబు వ్రాసేందుకు కాదు.

1978లో తమిళనాడు ప్రభుత్వం పి.యు.సి.ని రద్దు చేసి ప్లస్ టూ తరగతులను పాఠశాలలకు అప్పగించింది. విశ్వవిద్యాలయం మీది బరువు అలా పాఠశాలల మీదికి దిగింది. ప్రయోగశాలలు, ఎం.ఏ., ఎం.ఎస్సీ. చదివిన ఉపాధ్యాయులు, అదనపు గదులు ఉన్నత పాఠశాలలకు అత్యవసరమయ్యాయి. అవి సమకూర్చుకోగలిగిన బడి హయ్యర్ సెకండరీ అయింది. సమకూర్చుకోలేనిది పదవ తరగతి వద్దనే తన పిల్లలను వేరొక బడికి సాగనంపవలసి వచ్చింది. అల్పసంఖ్యాక భాషా పాఠశాలల చరిత్రలో ఇంతటి ప్రభావం చూపిన నిర్ణయం మరొకటి లేదనవచ్చు. విశ్వవిద్యాలయ చరిత్రలు దీనికి రెండు వాక్యాలు కేటాయించి ముందుకు సాగిపోతాయి.

అదే సంవత్సరం లయోలా, మద్రాసు క్రిస్టియన్ వంటి కళాశాలలకు స్వయంప్రతిపత్తి లభించింది. తమ పాఠ్యక్రమం, తమ పరీక్షలు తామే చూచుకొనే హక్కు దేశంలో మొదట పొందిన కళాశాలలలో ఇవి ఉన్నాయి. నగరంలోని ఇంజనీరింగు కళాశాలలు కొన్ని ఆ ఏడే అణ్ణా విశ్వవిద్యాలయంగా వేరుపడ్డాయి. దక్షిణ జిల్లాలు 1966లోనే మధురై విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోగా, 1982లో కోయంబత్తూరు, తిరుచ్చి ప్రాంతాలు భారతియార్, భారతిదాసన్ విశ్వవిద్యాలయాలయ్యాయి. 2002లో వేలూరులో తిరువళ్ళువర్ విశ్వవిద్యాలయం వచ్చింది. చివరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి మిగిలినవి చెన్నై, తిరువళ్ళూరు, కాంచీపురం జిల్లాలు. 2019లో కాంచీపురం నుండి విడిన చెంగల్పట్టు కూడా వాటిలోనిదే. ఒకనాటి మహాసామ్రాజ్యం నేటి నగర పరిసరాలు!

విద్యార్థి సంఖ్య మాత్రం తరుగలేదు. 1981లో ఉత్తరాల ద్వారా విద్య ప్రారంభమయింది. ఉద్యోగం చేస్తూ, సంసారం చూచుకొంటూ పట్టం పొందిన వారు ఎందరో దాని వలన బాగుపడ్డారు. బడులలో పనిచేసే ఉపాధ్యాయినులకు ఈ మార్గం చేసిన మేలు చిన్నది కాదు. 1984 నుండి స్వయం ఆర్థిక ఇంజనీరింగు కళాశాలలకు తలుపులు తెరుచుకున్నాయి. ఆర్ట్స్ కళాశాలలలో ఉదయం ప్రభుత్వ సహాయపు షిఫ్టు, మధ్యాహ్నం రుసుము చెల్లించే షిఫ్టు నడిచే పద్ధతి వచ్చింది. గదులు అవే, బల్లలు అవే. ఉదయం కూర్చున్నవాడు కట్టేది ఒక మొత్తం, మధ్యాహ్నం కూర్చున్నవాడు కట్టేది మరొక మొత్తం. ఇన్ని లక్షల జవాబు పత్రాలను నిర్ణీత గడువులో దిద్దవలసిన వ్యవస్థ సులువుగా దిద్దదగిన ప్రశ్నలనే అడుగుతుంది. అటువంటి ప్రశ్నలకు గైడు చాలు, పాఠ్యగ్రంథం అక్కరలేదు. కళాశాల వీథులలో గైడుల దుకాణాలు వర్ధిల్లిన కారణం విద్యార్థుల సోమరితనం కన్న ఈ యంత్రాంగంలోనే ఎక్కువగా ఉన్నది.

2021–22 నాటి అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో ఉన్నత విద్య చదివేవారు సుమారు 4.33 కోట్లు. అందులో స్త్రీలు 2.07 కోట్లు. ఆ వయస్సు వారిలో చదువుకొనేవారు దేశమంతటా నూటికి 28 మంది కాగా, తమిళనాడులో 47 మంది. 1839లో సంతకాలు చేసినవారు చూస్తే పొంగిపోయే సంఖ్య ఇది. ఇదే కాలంలో, 2024 ఫిబ్రవరిలో, ఆదాయపు పన్ను తగవులో మద్రాసు విశ్వవిద్యాలయపు బ్యాంకు ఖాతాలు స్తంభింపజేయబడి జీతాలకే కటకట ఏర్పడింది. ప్రభుత్వ గ్రాంటు పాలు సన్నగిల్లిన సంస్థకు పన్ను మినహాయింపు చెల్లునా అన్నది ఆ తగవులోని ప్రశ్న. అందరికీ తెరచిన తలుపు ఖర్చు ఎవరు భరించాలో ఇంకా తేలలేదు.

ఇంత మార్పు నడుమ ఒక అమరిక మిగిలి ఉన్నది. డిగ్రీ చదువులో మొదటి భాగం భాష, రెండవది ఆంగ్లం, మూడవది ప్రధాన విషయం. ఆ మొదటి భాగం క్రింద తమిళానికి బదులు తెలుగు తీసుకొనే అవకాశం నగరంలోని కొన్ని కళాశాలలలో ఉన్నది. చేరేవారు పలుచబడితే తరగతి కుదించుకుపోతుంది. ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తే ఆ స్థానం ఖాళీగా ఉండిపోతుంది. ఒకసారి మూతపడిన శాఖ మళ్ళీ తెరుచుకోవడం అరుదు. తెలుగు మాధ్యమంలో పదేండ్లు చదివి వెళ్ళిన పిల్లలే ఈ అవకాశాన్ని తేలికైన మార్కుల కోసం మరొక భాషకు వదిలివేయడం ఇటీవల కనిపిస్తున్నది. ప్రవేశపత్రం నింపేవేళ తల్లిదండ్రులు ఆ ఒక్క గడి వద్ద ఆగి, ఆ కళాశాలలో తెలుగు ఉన్నదా అని అడిగి తెలుసుకొనడం మంచిది.