పదిహేను పరుగులకు ఐదు వికెట్లు: ఇది మోసమేనా?

"మోసం మామయ్యా, పచ్చి మోసం!"

రాయపూర్‌లో మా ఇంట్లో ఈ కేక వినబడిందంటే, మా మేనల్లుడు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడన్నమాట. ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా క్రికెట్ జట్టును నడిపే ఆట ఒకటి ఆడుతుంటాడు. ఇందులో మనం బ్యాటు పట్టనక్కర లేదు. జట్టును ఎంపిక చేయాలి, బంతి ఎవరికివ్వాలో, ఎవరు ఎంత దూకుడుగా ఆడాలో చెప్పాలి. ఆ తర్వాత ఏం జరుగుతుందో కంప్యూటర్ తేలుస్తుంది. మనం గోళ్లు కొరుక్కుంటూ చూడాలి, అంతే.

ఆ రోజు వాడి జట్టు 15 పరుగులకే ఐదు వికెట్లు పోగొట్టుకుంది. వాడు ఆటను మూసేసి, అంతకు ముందు దాచుకున్న చోటు నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. అదే బంతికి అదే బ్యాట్స్‌మన్ అదే విధంగా ఔటయ్యాడు. మరోసారి ప్రయత్నించాడు. మళ్లీ అదే.

"చూశావా? ముందే రాసిపెట్టుకుంది. నిజం క్రికెట్‌లో ఎక్కడైనా ఇలా జరుగుతుందా?"

మొదటి మాట నిజమే. ఆ సంగతి తర్వాత చెబుతాను. రెండో మాటకు మాత్రం జవాబు మా ఊళ్లోనే ఉంది.

2023 జనవరి 18న హైదరాబాదు ఉప్పల్ మైదానంలో భారత్, న్యూజిలాండ్ జట్లు ఒక రోజు మ్యాచ్ ఆడాయి. శుభ్‌మన్ గిల్ 208 పరుగులు చేశాడు. భారత్ స్కోరు 349. న్యూజిలాండ్ 131 పరుగులకు ఆరు వికెట్లు పోగొట్టుకుంది. ఆట అయిపోయిందని జనం లేచి వెళ్లవలసిన సమయం. అప్పుడు బ్రేస్‌వెల్ 78 బంతుల్లో 140 పరుగులు కొట్టి జట్టును 337 దాకా లాక్కొచ్చాడు. భారత్ 12 పరుగులతో బయటపడింది. మూడు రోజుల తర్వాత, జనవరి 21న, అవే జట్లు రాయపూర్ వచ్చాయి. షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియంలో అది మొట్టమొదటి పురుషుల అంతర్జాతీయ మ్యాచ్. టాస్ గెలిచిన రోహిత్ శర్మ, ఏం చేయాలనుకున్నాడో మరిచిపోయి కాసేపు బుర్ర గోక్కున్నాడు. చివరికి ఫీల్డింగ్ అన్నాడు. న్యూజిలాండ్ 15 పరుగులకు ఐదు వికెట్లు! మొత్తం 108కే ఆలౌట్.

సరిగ్గా 15కి ఐదు. ఇదే కంప్యూటర్‌లో జరిగి ఉంటే మా వాడు కీబోర్డు పగలగొట్టేవాడు.

నిజంగా జరిగితే ఆశ్చర్యపడి ఊరుకుంటాం, యంత్రం చేస్తే మోసమంటాం. ఎందుకిలా? ఇది తెలియాలంటే, మనిషి అదృష్టాన్ని స్వయంగా తయారుచేయడానికి పడిన పాట్లు కొంచెం తెలుసుకోవాలి.

వీపు విరిగిన పుస్తకం

మా తరం వాళ్లకు వేరే కంప్యూటర్ అక్కర్లేకపోయింది. పాఠ్యపుస్తకమే చాలు. కళ్లు మూసుకుని పుస్తకం తెరవాలి, ఎడమ వైపు పేజీ సంఖ్యలో చివరి అంకె చూడాలి. 2 అయితే రెండు పరుగులు, 4 అయితే ఫోరు, 6 అయితే సిక్సరు, 0 అయితే ఔట్. 8కి మా బడిలో ఒక పరుగు. మీ బడిలో వేరే రూలు ఉండవచ్చు. ఎడమ పేజీ ఎప్పుడూ సరి సంఖ్యే కనుక వచ్చేవి ఈ అయిదు అంకెలే.

ఇప్పుడు లెక్క వేయండి. ప్రతి బంతికీ ఔటయ్యే సంభావ్యత అయిదింట ఒకటి. మొదటి బంతికే ఔటయ్యేవాళ్లు నూటికి 20 మంది. రెండో బంతికి 16 మంది. మూడో బంతికి 12.8. ప్రతి మెట్టులోనూ ముందటి దానిలో అయిదింట నాలుగు వంతులు. ఇది గుణశ్రేఢి. ఔటయ్యే బంతిని వదిలేస్తే సగటున ఒక్కొక్కరు నాలుగు బంతులు ఆడతారు, ఆ బంతులకు సగటు 3.25 పరుగులు, అంటే మనిషికి 13, జట్టుకు 130. శతకం కొట్టాలంటే దాదాపు వెయ్యి ఇన్నింగ్స్‌లు పడుతుంది. పాఠం వినకుండా ఇన్ని ఇన్నింగ్స్‌లు ఆడినవాళ్లం, ఆ పాఠంలోనే గుణశ్రేఢి ఉందని గమనించలేదు.

పుస్తకం ఆటకూ అసలు క్రికెట్‌కూ పోలిక ఏమిటి అనకండి. 1945లో జి.హెచ్. వుడ్ అనే ఆంగ్లేయుడు రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. అసలు బ్యాట్స్‌మెన్ స్కోర్లు కూడా సుమారుగా గుణశ్రేఢిలోనే పడతాయన్నది అందులోని విషయం. సుమారుగా మాత్రమే సుమా! బ్రాడ్‌మన్‌ను తీసుకోండి. 80 టెస్ట్ ఇన్నింగ్స్‌లు, సగటు 99.94. స్కోర్లు ఖచ్చితంగా గుణశ్రేఢిలో ఉంటే 80 ఇన్నింగ్స్‌లలో ఆయన సున్నాకు ఔటవడం ఒక్కసారి కూడా అనుమానమే. అయ్యింది ఏడు సార్లు. క్రీజులోకి కొత్తగా వచ్చినప్పుడు ఎంతటివాడైనా కుదురుకోలేదన్నమాట. పుస్తకానికి ఈ సంగతి తెలియదు. దానికి మొదటి బంతీ ఒకటే, వందో బంతీ ఒకటే.

పుస్తకంలో ఇంకో లోపం ఉండేది. నా సాంఘిక శాస్త్రం పుస్తకం వీపు ఒకచోట విరిగి, ఎప్పుడు తెరిచినా 126వ పేజీ దగ్గరే తెరుచుకునేది. వరసగా సిక్సర్లు. నా మిత్రులు రెండు రోజుల్లో కనిపెట్టి ఆ పుస్తకాన్ని ఆట నుంచి బహిష్కరించారు. ఈ విరిగిన వీపును గుర్తు పెట్టుకోండి.

పుస్తకంలో ఆటగాళ్లందరూ ఒకటే, గవాస్కర్ అయినా పదకొండో నంబరు అయినా. అమెరికాలో ఈథన్ అలెన్ అనే మాజీ బేస్‌బాల్ ఆటగాడు 1941లో దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఒక్కో ఆటగాడికి ఒక్కో గుండ్రటి అట్ట. అతని అసలు గణాంకాల ప్రకారం ఆ అట్ట మీద భాగాలు గీసి ఉంటాయి. ముల్లు తిప్పితే ఏ భాగంలో ఆగితే అది ఫలితం. నేటి మేనేజర్ ఆటల్లోనూ కనబడేది ఇలాంటి ఆలోచనే. 1982లో కెవిన్ టామ్స్ 'ఫుట్‌బాల్ మేనేజర్' రాసి ఇంటి కంప్యూటర్లకెక్కించాడు. 1998లో ఇంగ్లండ్‌లో 'ఇంటర్నేషనల్ క్రికెట్ కెప్టెన్' వచ్చింది. అట్ట పోయింది. ముల్లు మాత్రం లోపల తిరుగుతూనే ఉంది. ఆ ముల్లును తిప్పేదెవరు?

విత్తు ఒకటే, పంట ఒకటే

ఆటలకంటే ముందు విజ్ఞాన శాస్త్రానికే ఈ ముల్లు అవసరం పడింది. 1927లో టిప్పెట్ జనాభా లెక్కల నుంచి అంకెలు ఏరి 41,600 యాదృచ్ఛిక అంకెల పట్టికను అచ్చు వేశాడు. 1946లో గణితవేత్త ఉలమ్ జబ్బుపడి కోలుకుంటూ, పేకలతో ఒంటరిగా ఆడుకుంటూ, ఆట పూర్తయ్యే సంభావ్యత ఎంత అని ఆలోచించాడు. లెక్క కుదరలేదు. వందసార్లు ఆడి చూస్తే సరిపోతుంది గదా అనిపించింది. అణుబాంబు పరిశోధనలో న్యూట్రాన్ల నడక లెక్కించడానికి అదే పద్ధతి వాడారు. దానికే మాంటీ కార్లో పద్ధతి అని పేరు. ఒక జబ్బు మనిషి పేకాట నుంచి పుట్టిన పద్ధతితో నేడు వాతావరణం నుంచి ఆనకట్టల భద్రత దాకా లెక్కిస్తున్నారు.

కాని కంప్యూటర్ చెప్పిన పని తు.చ. తప్పకుండా చేసే యంత్రం. దానికి పాచికలు వేయడం రాదు. 1949లో అమెరికా గణితవేత్త లెమర్ ఒక చిట్కా చెప్పాడు. ఒక సంఖ్య తీసుకోండి, దాన్ని స్థిర సంఖ్యతో గుణించండి, మరో స్థిర సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోండి. ఆ శేషంతో మళ్లీ అదే పని. ఉదాహరణకు 3తో మొదలుపెట్టి, 5తో గుణించి, 17తో భాగిస్తూ పోతే 3, 15, 7, 1, 5, 8, 6, 13, 14, 2... ఎంత గజిబిజిగా ఉన్నాయో చూడండి! పదహారు సంఖ్యల తర్వాత మళ్లీ 3 వస్తుంది. పెద్ద సంఖ్యలు వాడితే ఈ చక్రం కోట్ల మెట్ల పొడవు ఉంటుంది. మొదటి సంఖ్యను విత్తు అంటారు. విత్తు ఒకటైతే పంట ఒకటే.

మా వాడి మొదటి ఆరోపణకు జవాబు ఇదే. ఆటను దాచినప్పుడు విత్తు కూడా దానితోపాటే ఉండిపోయింది. మళ్లీ తెరిస్తే అవే సంఖ్యలు, అదే బంతి, అదే వికెట్. ఓడినప్పుడల్లా వెనక్కి వెళ్లి గెలిచేదాకా ఆడేవాళ్లను ఆపడానికి కొందరు ఆటల తయారీదార్లు కావాలనే ఇలా చేస్తారు. మోసం ఎవరు చేయబోయారన్నది వాడే ఆలోచించుకోవాలి.

అలాగని యంత్రాన్ని గుడ్డిగా నమ్మనక్కర లేదు. 1960లలో ఐబీఎం కంప్యూటర్లతో రాండు అనే సూత్రం వచ్చింది. గుణించేది 65,539తో. ప్రపంచమంతా శాస్త్రవేత్తలు దాన్ని వాడారు. 1968లో మార్సాగ్లియా ఈ రకం సూత్రాలన్నిటికీ ఉన్న జబ్బును బయటపెట్టాడు. వరసగా వచ్చిన మూడేసి సంఖ్యలను పొడవు, వెడల్పు, ఎత్తుగా తీసుకుని ఒక గదిలో చుక్కలు పెడితే, అవి గదంతా పరుచుకోవాలి. అలా పరుచుకోక అరల్లో సర్దినట్లు కొన్ని పలకల మీదే పడతాయి. రాండు చుక్కలైతే మొత్తం 15 పలకల మీదే! నా సాంఘిక శాస్త్రం పుస్తకం వీపు లాంటిదే ఇదీ. తేడా ఏమిటంటే, మా మిత్రులు రెండు రోజుల్లో కనిపెట్టారు, శాస్త్రలోకానికి కొన్నేళ్లు పట్టింది. 1997లో జపాన్‌వాళ్లు మత్సుమొతో, నిషిమురా తయారుచేసిన సూత్రంలో చక్రం పొడవు 6,002 అంకెల సంఖ్య. ఇప్పటి ఆటల్లో ముల్లు బాగానే తిరుగుతుందని చెప్పవచ్చు.

పెద్ద పాచిక

మరి 15కి ఐదు? నేనూ మా వాడూ కాగితం మీద లెక్క వేశాం. వికెట్‌కు సగటున 25 పరుగులు చేసే జట్టు అనుకోండి. ప్రతి పరుగు దగ్గరా వికెట్ పడే అవకాశం ఒకేలా ఉందనుకుంటే, ఆ జట్టు 108 లేక అంతకంటే తక్కువకు ఆలౌటయ్యేది నూటికి ఒకటి రెండు సార్లు. అంటే నాలుగైదు వందల మ్యాచ్‌లు ఆడేవాడికి ఎన్నోసార్లు తప్పదు. అందులో ఏ మోసమూ లేదు. కాని మొదటి ఐదు వికెట్లు 15 లోపే పడడం వెయ్యి ఇన్నింగ్స్‌లకు ఒకసారి కూడా కష్టం.

అక్కడ ఆగి ఆలోచించాలి. రాయపూర్‌లో ఆ రోజు తొలి ఓవర్లోనే షమీ ఫిన్ ఆలెన్‌ను బౌల్డ్ చేశాడు. కొత్త బంతి కదులుతున్నప్పుడు అది ఒక్క ఆలెన్‌కే కదలదు, తర్వాత వచ్చే నలుగురికీ కదులుతుంది. వికెట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పడవు. కాబట్టి ఒక్కో బంతికి ఒక్కో చిన్న పాచిక వేస్తే చాలదు. ఆట మొదట్లో పిచ్ కోసం, ఆ రోజు గాలి కోసం ఒక పెద్ద పాచిక కూడా వేయాలి. మంచి ఆట అది వేస్తుంది. వేసి మనకు చెప్పదు. చెప్పకపోవడమే మా వాడి అసలు బాధ అని నాకు తోచింది. నిజం మ్యాచ్‌లో కామెంటేటరు ఉంటాడు, పిచ్ మీద పచ్చిక కనబడుతుంది, బంతి తిరిగిన తీరు మళ్లీ చూపిస్తారు. కారణం కనబడితే ఓటమిని మింగుకోగలం. తెర మీద 'బౌల్డ్' అన్న ఒక్క మాట కనబడితే మింగుడు పడదు.

పోనీ రాయపూర్ పిచ్ బౌలర్లదని ఆటలో రాసేద్దామా? 2025 డిసెంబరు 3న అదే మైదానంలో భారత్ 358 పరుగులు చేసింది. దక్షిణాఫ్రికా దాన్ని నాలుగు బంతులు మిగిలి ఉండగానే దాటేసింది.

ఆటలు తయారుచేసేవాళ్లు ఈ కోపాన్ని వేరే దారిలో చల్లార్చారు. అది నాకు నచ్చదు. 'సివిలైజేషన్' ఆటల రూపకర్త సిడ్ మేయర్ 2010లో ఒక సభలో తన అనుభవం చెప్పాడు. గెలుపు అవకాశం మూడు పాళ్లు, ఓటమి ఒక పాలు ఉన్న యుద్ధంలో ఓడితే ఆటగాళ్లు ఒప్పుకోరు. అదే అవకాశం తలకిందులై తాము గెలిస్తే మాత్రం ఎవరూ ఫిర్యాదు చేయరు! అందుకని లెక్కనే ఆటగాడి వైపు కొంచెం వంచారు. జపాన్ ఆట 'ఫైర్ ఎంబ్లెమ్' వరుసలో 2002 నుంచి, దెబ్బ తగిలే అవకాశం 90 శాతమని తెర మీద చూపి, లోపల రెండు యాదృచ్ఛిక సంఖ్యల సగటు తీసేవారు. దాంతో నిజం అవకాశం 98 శాతం అయ్యేది. ఆడేవాడికి సంతోషం. కాని పదేళ్లు ఇలాంటి 90తో పెరిగిన పిల్లవాడికి, రేపు డాక్టరు 90 శాతం అంటే ఏమని వినబడుతుంది? వర్షం పడే అవకాశం 30 శాతం అన్న రోజు తడిసి ఇంటికొచ్చి, వాతావరణ శాఖను తిట్టేవాడు ఇలాగే తయారవుతాడు. మా వాడిని ఏడిపించిన ఆట, నాకు తోచినంతవరకు, నిజాయితీ గలది.

వాడు ఒప్పుకోలేదు. ఆట 70 శాతం అన్నప్పుడల్లా ఫలితం ఏమిటో నోటు పుస్తకంలో గీతలు గీయడం మొదలుపెట్టాడు. రెండు వందలు పూర్తయ్యాక మాట్లాడతానన్నాడు. ఈలోగా కరెంటు పోయింది. అల్మారాలో నుంచి లావుపాటి భౌతిక శాస్త్రం పుస్తకం తీసి, పాత పద్ధతిలో ఒక మ్యాచ్ ఆడదామన్నాను. మొదటి బ్యాటింగ్ నాదే. తెరిచాను. 240వ పేజీ. రెండో బ్యాట్స్‌మన్. మళ్లీ 240.

పుస్తకం మార్చమన్నాను.