రోజు విడిచి రోజు మెల్ల: వచ్చిపోయే మెల్లకన్నుకు కారణాలేమిటి?

మెల్లకన్ను అంటే ఎప్పుడూ ఉండేదే అనుకుంటాం. కొందరికి అది వచ్చిపోతుంది. రూపనగుడి నుంచి పిల్లను బళ్లారికి తీసుకెళ్లిన రోజు కళ్లు చక్కగా ఉంటాయి, డాక్టరుకు చూపించడానికి ఏమీ ఉండదు. మర్నాడు పొద్దున లేచేసరికి కన్ను మళ్లీ ముక్కువైపు తిరిగి ఉంటుంది. కన్నడంలో మెళ్ళగణ్ణు అన్నా, మనం మెల్ల అన్నా, ఇలాంటి దాన్ని పట్టుకోవడానికి అది ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది అన్నదే మొదటి ఆధారం.

వీటిలో అన్నిటికన్నా వింతైనది సైక్లిక్ ఈసోట్రోపియా. మెల్లకన్ను ఉన్న మూడు నుంచి ఐదు వేల మందిలో ఒకరికి ఉంటుందని వైద్య గ్రంథాల అంచనా. ఎక్కువగా మూడు, నాలుగేళ్ల వయసులో మొదలవుతుంది. చాలామందిలో 48 గంటల చక్రం: ఒకరోజంతా కన్ను లోపలికి తిరిగి ఉంటుంది, మరుసటి రోజంతా మామూలుగా ఉంటుంది. మెల్ల ఉన్న రోజు ఎవరు చూసినా తెలిసిపోతుంది. లేని రోజు రెండు కళ్లూ కలిసి సరిగ్గానే పనిచేస్తాయి. నిద్రను, మెలకువను నడిపే శరీర గడియారంలాంటిదేదో దీని వెనుక ఉందని వైద్యుల ఊహ. రుజువు మాత్రం కాలేదు. అరుదుగా తలకు దెబ్బ తగిలాకో, కంటి ఆపరేషన్ తర్వాతో పెద్దవాళ్లలోనూ మొదలవుతుంది.

నెలలో, ఏళ్లో గడిచాక చాలామందిలో ఈ చక్రం ఆగి మెల్ల శాశ్వతంగా ఉండిపోతుంది. చికిత్స ఆపరేషనే. మెల్ల ఉన్న రోజు కొలిచిన కోణం ప్రకారమే కండరాలను సరిచేస్తారు. అలా చేస్తే మామూలుగా ఉండే రోజున కన్ను బయటికి తిరుగుతుందేమో అనిపిస్తుంది కదా? సాధారణంగా అలా జరగదు, చక్రమే ఆగిపోతుంది.

ఎండలోకి రాగానే పిల్లలు ఒక కన్ను మూసుకోవడం, అలసినప్పుడో జ్వరంలోనో కన్ను బయటికి తిరగడం వేరు. అది ఇంటర్మిటెంట్ ఎక్సోట్రోపియా. అరుదైనదేమీ కాదు, కానీ చూపించాలి.

పెద్దవాళ్లలో పొద్దున బాగుండి, సాయంత్రానికి రెప్ప వాలి, ఒకటి రెండుగా కనిపిస్తే మయస్థీనియా గ్రావిస్‌ను అనుమానిస్తారు. నరం నుంచి కండరానికి అందాల్సిన సంకేతాన్ని మన శరీరంలోనే తయారైన యాంటీబాడీలు అడ్డుకుంటాయి. వాలిన రెప్పపై రెండు నిమిషాలు ఐసు పెట్టి, రెప్ప లేస్తుందేమో డాక్టర్లు చూస్తారు. దీంతోపాటు మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే అది కంటి సమస్య అనుకుని కూర్చోకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

కొన్ని సెకన్లు, నిమిషాలు మాత్రమే ఉండేవీ ఉన్నాయి. పిట్యూటరీ గ్రంథి దగ్గర గడ్డకు రేడియేషన్ తీసుకున్నవారిలో, ఏళ్ల తర్వాత కూడా, కంటి కండరం బిగుసుకుపోయి కాసేపటికి వదులుతుంది. ఇది ఆక్యులర్ న్యూరోమయోటోనియా. ఒక కన్ను సన్నగా వణికి, ఎదుటి వస్తువు ఊగినట్టు కనిపిస్తే సుపీరియర్ ఆబ్లిక్ మయోకిమియా కావచ్చు. చాలాసార్లు రెండూ మాత్రలతో అదుపులోకి వస్తాయి.

మెల్లకన్ను అదృష్టమని మన ఇళ్లలో ఇంకా అంటారు. ఆ మాటమీద ఆగితే నష్టం పిల్లకే. మెల్ల స్థిరపడితే మెదడు ఆ కంటి చూపును పక్కన పెట్టేస్తుంది; ఏడెనిమిదేళ్లు దాటాక దాన్ని తిరిగి తెప్పించడం కష్టమవుతుంది. నాలుగు నెలలు నిండిన పాపకు కన్ను తిరుగుతున్నా, ఫొటోలో కనుపాప తెల్లగా మెరిసినా ఆలస్యం వద్దు. ఆ తెలుపు రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు. హఠాత్తుగా మెల్లతోపాటు తలనొప్పి, వాంతులు వచ్చినా అంతే.

రెండు వారాలపాటు రోజూ ఒకే వేళకు, ఒకే దూరం నుంచి, ఫ్లాష్ వేసి ఫోన్లో ఫొటో తీయండి. పిల్ల నేరుగా ఫోన్‌వైపు చూడాలి. రెండు కనుపాపల్లోనూ వెలుగు చుక్క ఒకేచోట పడిందా చూసి, క్యాలెండరులో రాసిపెట్టండి. మొదట మనమంతా విమ్స్ అని పిలిచే బళ్లారి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించవచ్చు. అవసరమైతే కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రి, బెంగళూరు మింటో, 1987లో మొదలైన హైదరాబాదు ఎల్‌.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్నాయి. నరాల సమస్య అంటే నిమ్హాన్స్. మన ఆయుష్మాన్ కార్డు కర్ణాటకది కాబట్టి, సరిహద్దు దాటేముందు అక్కడ చెల్లుతుందో లేదో ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కోండి.